బ్యాటరీ వెలుగు ఎంత దూరం పోతది?

మన పల్లెలల్ల టార్చిలైటును బ్యాటరీ అనే అంటరు. మా బాపుకు మూడు సెల్లుల ఇత్తడి బ్యాటరీ ఉన్నది. లోపల చిన్న బల్బు, దాని చుట్టు లోతైన అద్దం గిన్నె. మక్క చేను కావలి పోయినప్పుడు మంచె మీదికెల్లి కొడితే అవతలి గెట్టు మీది తుమ్మచెట్టు కనవడేది.

మొన్న వానకాలంల అంగడికి పోయి ఒక ఎల్ఈడీ బ్యాటరీ తెచ్చి ఇచ్చిన. బాపు రాత్రి రెండూ పక్కపక్కన పట్టి కొట్టి చూసిండు. "తెలుపు మస్తుగున్నది బిడ్డా. గని వెలుగంత ముందటనే కూసున్నది. ఆడ పందులున్నయా లేవా ఎట్ల తెల్వాలె?" అన్నడు. దుకాణపాయన నాకు చెప్పిన ముచ్చట నేను బాపుకు చెప్పిన: పాత బల్బు కంటె గిది పదింతల వెలుగు ఇస్తది అని.

బాపు చెప్పింది నిజమే. దుకాణపాయన చెప్పింది కూడా నిజమే. ఎందుకంటె ఇద్దరు మాట్లాడింది ఒక్క సంగతి కాదు.

వెలుగు వేరు, దూరం వేరు

బాయికాడ మోటరు పైపు చూడున్రి. పైపు మూతి ఇడిసిపెడితే నీళ్లు కాళ్లకాడనే పడ్తయి. అదే మూతికి బొటనవేలు అడ్డం పెడితే దూరం ఎగజిమ్ముతయి. నీళ్లేం పెరగలే. వెలుగు కూడ అంతే. బ్యాటరీ మొత్తం ఎంత వెలుగు ఇడుస్తదో చెప్పే లెక్క ల్యూమెన్. ఆ వెలుగు ఒక్క దిక్కు ఎంత చిక్కగ పోతదో చెప్పే లెక్క క్యాండెలా. దూరాన్ని తేల్చేది క్యాండెలానే. డబ్బా మీద పెద్ద అక్షరాలతోని ఉండేది మాత్రం ల్యూమెన్లు, లేకుంటె వాట్లు.

ఖర్చు లెక్కల ఎల్ఈడీకి తిరుగులేదు. బల్బుల తీగ ఎర్రగ కాలితేనే వెలుగు వస్తది. సెల్లుల శక్తిల నూటికి తొంభై పాళ్లకు పైన వేడికే పోతది. అదే శక్తితోని ఎల్ఈడీ ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు ఇస్తది. మరి బాపు బ్యాటరీ ఎందుకు గెలిచింది? బల్బుల తీగ చానా చిన్నది. ఆ చిన్న చుక్క సరిగ్గ అద్దం గిన్నె నడిమిట్ల ఉంటది. గిన్నె ఆ వెలుగును పట్టి ఒక్క దిక్కు మలుపుతది. నేను తెచ్చిన దాంట్ల పది పదిహేను చిన్న ఎల్ఈడీలు పరిచి ఉన్నయి. ఒక్కోటి ఒక్కో దిక్కు వెలుగు ఇడుస్తది. అన్ని కలిసి ముందటంత తెల్లగ చేస్తయి, దూరం మాత్రం పోవు. బిళ్ల లెక్క పసుప్పచ్చగ ఉండే వెడల్పు ఎల్ఈడీలు కూడ గంతే.

అట్లని ఎల్ఈడీలన్ని దూరం పోవని కాదు. ఒక్కటే చిన్న ఎల్ఈడీ, దానికి లోతైన వెడల్పు అద్దం గిన్నె ఉంటె పాత బల్బును అవలీలగ దాటిపోతది. అంటె పోటీ బల్బుకు, ఎల్ఈడీకి కాదు. వెలుగు పుట్టే చుక్క ఎంత చిన్నగ, ఎంత చిక్కగ ఉన్నది, గిన్నె ఎంత పెద్దగున్నది అన్నదే అసలు లెక్క.

డబ్బా మీది మీటర్ల కథ

కొన్ని డబ్బాల మీద "200 మీటర్లు", "500 మీటర్లు" అని ఉంటది. దానికి ఒక కొలత ఉన్నది. 2009ల అమెరికాల పెట్టిన టార్చిలైట్ల ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్స్‌కు పడిపోయే కాడ దూరం అయిపోయినట్టు. అది నిండు పున్నమి వెన్నెలంత వెలుగు. 200 మీటర్లు అంటె ఆ దూరంల వెన్నెలంత పడ్తదని మాత్రమే. ఆడ ఏదో ఉన్నదని తెలుస్తది గని, పందా దూడా అన్నది తెల్వది. సగం దూరంల నాలుగింతల వెలుగు పడ్తది. కండ్లకు సక్కగ ఆనాలంటె డబ్బా మీది దూరంల సగమో, పావు వంతో లెక్కవెట్టుకోవాలె.

ఇంకో కిటుకు. 100 మీటర్లు పోవాలంటె 2,500 క్యాండెలా చాలు. 200 మీటర్లకు 10,000 కావాలె. 400కు 40,000. దూరం రెండింతలు కావాలంటె బలం నాలుగింతలు కావాలె. "కిలోమీటరు పోతది" అని ఎవరన్న చెప్తే 2,50,000 క్యాండెలా ఉన్నదా అని అడుగున్రి.

ఈ కొలత కూడ కొత్త సెల్లులు ఏసి, ఆన్ చేసినంక 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపట తీసేది. తెల్లారుజామున సంగతి వేరే. బల్బు బ్యాటరీల సెల్లు 1.5 వోల్టుల నుంచి 1.2కు పడితే వెలుగు సగం కంటె తక్కువైతది, రంగు ఎర్రబడ్తది. 200 మీటర్లు పోయేది 140 కాడనే ఆగుతది. లోపల మంచి సర్క్యూటు ఉన్న ఎల్ఈడీ చివరిదాక దాదాపు ఒక్క తీరుగ ఎలిగి, ఆఖరుకు టక్కున పడిపోతది. అగ్గువవి బల్బు లెక్కనే మెల్లగ మాడుతయి.

పాముకు దూరం అక్కెర లేదు

ఇంతసేపు దూరం ముచ్చట చెప్పిన గని, రాత్రి బాయికాడికి పోయే మనిషికి అన్నిటికంటె పెద్ద గండం రెండు అడుగుల దూరంలనే ఉంటది. 2000 నుంచి 2019 దాక మన దేశంల సుమారు 12 లక్షల మంది పాముకాటుతోని పోయిన్రని 2020ల వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ చావులున్న రాష్ట్రాలల్ల తెలంగాణ, ఆంధ్ర కూడ ఉన్నయి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపట్నే. నాట్లు, కలుపులు, మోటర్లు, అన్ని అప్పుడే గదా. కట్లపాము, రక్తపింజరి తిరిగేది ఎక్కువ రాత్రిపూటనే.

ఈడ సూది లెక్క దూరం పోయే వెలుగు పనికిరాదు. నడిమిట్ల ఒక్క చుక్క తెల్లగ ఉంటది, దాని పక్కన చీకటి ఇంకింత చిక్కగ కనవడ్తది. ఒడ్డు మీద నడిచేటోనికి కాళ్ల చుట్టు నాలుగు అడుగులు పరుచుకునే వెలుగు కావాలె. బాపు వద్దన్న తెల్ల బ్యాటరీ ఈ పనికి మంచిగున్నది. మంచుల, దుమ్ముల మాత్రం బ్యాటరీని కండ్లకాడ పట్టొద్దు. ఏ రంగు వెలుగైన మంచుకు తగిలి మన కండ్లల్లనే కొడతది. నడుము కిందికి పట్టుకుంటె దారి కనవడ్తది.

కొనేటప్పుడు ఏం చూడాలె?

దుకాణంల మీ అరచేతి మీద కొట్టి చూసుకోకున్రి. బయటికొచ్చి దూరపు గోడ మీద కొట్టున్రి. చిన్నగ, గట్టిగ ఒక్క చుక్క పడితే అది దూరం పోయేది. గోడంత పరుచుకుంటె నడకకు పనికొచ్చేది. అద్దం మీద గీతలు, దుమ్ము ఉంటె రెండూ తగ్గుతయి. సీసం బ్యాటరీ ఉన్న ఛార్జింగ్ టార్చిని అయిపోయినంక అట్లనే మూలకు పారేస్తే లోపలి బ్యాటరీ సస్తది. ఎంటనే ఛార్జింగ్ పెట్టున్రి.

ఇగ అమ్మేటోళ్లు కూడ ఒక్క పని చెయ్యాలె. ల్యూమెన్ల పక్కన క్యాండెలా ఎంత, రెండు గంటల తర్వాత వెలుగు ఎంత మిగుల్తదో డబ్బా మీద తెలుగుల రాయాలె. రైతు కొనేది ఇంట్ల ముచ్చటకు పెట్టుకునే వస్తువు కాదు. దాన్ని నమ్ముకుని చీకట్ల కాలు బయట పెడ్తడు.

మా బాపు ఇప్పుడు రెండూ పట్టుకపోతున్నడు. ఒడ్డు పొంటి తెల్లది, మంచె ఎక్కినంక ఇత్తడిది.