టవర్‌లో కుర్చీ మారే వేళ...

జనగామ బస్టాండ్‌లో, మహబూబాబాద్ రైల్వేస్టేషన్లో, భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గరి టీకొట్టులో... నలుగురు కూడితే మామునూరు మాట వస్తుంది. ‘మనకూ విమానం వస్తుందట!’ అంటారొకరు. ‘ఎన్నేళ్ల నుంచి వింటున్నాం’ అని నవ్వేస్తారు ఇంకొకరు. ఆ నవ్వులో తప్పులేదు. వరంగల్‌ను ఆనుకుని నిజాం జమానాలో కట్టిన ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది. మళ్లీ తెరవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది 2025 ఫిబ్రవరి ఆఖర్లో! పాత స్థలానికి తోడు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. భూసేకరణకు రాష్ట్రం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఎకరాల లెక్క అందరికీ నోటికొచ్చేసింది. రన్‌వే ఎంత పొడవుండాలో చెప్పేవాళ్లూ ఉన్నారు. మరి టవర్‌లో ఎవరు కూర్చుంటారు? ఎంతమంది ఉంటారు? ఒకరు లేచి వెళితే ఆ కుర్చీలోకి ఎవరు వస్తారు? ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు మాత్రం మాకు తారసపడలేదు.

నిజానికి ఈ మూడు ఊళ్లవాళ్లకీ అది కొత్త సంగతేం కాదు. భూపాలపల్లి గనిలో షిఫ్టు దిగే సర్దార్, పైకప్పు ఎక్కడ వదులుగా ఉందో, ఎక్కడికి పోకూడదో రిపోర్టు రాశాకే ఇంటికెళతాడు. జనగామ స్టేషన్‌మాస్టర్ డ్యూటీ దిగాలంటే ఏ లైన్లో ఏ బండి ఉంది, ఎక్కడ పట్టాల పని నడుస్తోంది అన్నదంతా డైరీలో రాసి సంతకం పెట్టాలి. వచ్చినాయన చదువుకుని తానూ సంతకం పెట్టాలి. 2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది గుర్తుందా? అలాంటి రోజున డ్యూటీ మారేటప్పుడు ఒక్క మాట మరిచిపోతే ఏమవుతుందో మహబూబాబాద్‌వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

విమానాశ్రయం టవర్‌లోనూ అంతే. తేడా ఒక్కటే... అక్కడ బండి ఆగదు! ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే ఆ రెండు మూడు నిమిషాల్లోనూ విమానాలు వస్తూనే ఉంటాయి. అందుకే కొత్తగా వచ్చిన కంట్రోలర్ ముందు పక్కన నిలబడి, హెడ్‌సెట్ తగిలించుకుని కాసేపు ఊరికే వింటారు. గాలి ఎటు వీస్తోంది, ఏ విమానానికి ఏ అనుమతి ఇచ్చారు, రన్‌వే మీద ఎవరున్నారు... ఒక్కొక్కటీ చెప్పించుకుంటారు. ‘ఇక నాది’ అన్నాకే పాతవాళ్లు లేస్తారు. లేచినా వెంటనే వెళ్లిపోరు. ఏదైనా చెప్పడం మరిచిపోయామేమోనని కొద్దిసేపు వెనకే నిలబడతారు.

రన్‌వేని తనిఖీ చేయడానికి జీపు వెళ్లిందనుకోండి. దాని గుర్తుగా ఎదురుగా ఒక పట్టీ పెడతారు. ‘రన్‌వే ఖాళీ లేదు’ అని దానర్థం. కుక్కను తరమడానికి వెళ్లినా, పిట్టల్ని చెదరగొట్టడానికి వెళ్లినా ఆ పట్టీ పెట్టాల్సిందే. మనిషి జ్ఞాపకాన్ని నమ్మకూడదన్నది ఆ వృత్తి నేర్చుకున్న మొదటి పాఠం. అదీ ప్రాణాలు పోగొట్టుకుని మరీ!

మరిచిపోయారు... అంతే!

1991 ఫిబ్రవరి 1, లాస్ ఏంజెలిస్. అప్పుడే చీకటి పడింది. టవర్‌లోని కంట్రోలర్ ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి వచ్చి ఆగమన్నారు. ఈలోగా ఇంకో విమానం వివరాలున్న పట్టీ కనిపించలేదు. అది వెతికే హడావుడిలో రన్‌వే మీద ఆపిన విమానం సంగతి మనసులోంచి జారిపోయింది. ఓ పెద్ద విమానానికి అదే రన్‌వే మీద దిగడానికి అనుమతి ఇచ్చేశారు. 35 మంది చనిపోయారు. నేలమీది విమానాలను చూపించే రాడార్ ఆరోజు పనిచేయడంలేదు. విచారణ జరిపినవాళ్లు ఆ ఒక్కరి మతిమరుపుతో సరిపెట్టలేదు. ఒకరు పొరబడితే పట్టుకునే రెండోకన్ను లేకుండా టవర్‌ను నడిపినవాళ్లను తప్పుపట్టారు.

రెండోది ఇంకా బాధాకరం. 2002 జులై 1 రాత్రి. జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దు ఆకాశం. జ్యూరిక్ కేంద్రంలో డ్యూటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు విశ్రాంతికి వెళ్లారు. అక్కడది రోజూ ఉండే అలవాటే, పైవాళ్లకూ తెలుసు. రెండోవ్యక్తి ఒక్కరే రెండు తెరల ముందు! పైగా మరమ్మతుల కోసం ప్రధాన ఫోన్‌లైన్లు ఆపేశారు. సరిగ్గా అప్పుడే, ఆలస్యంగా వచ్చిన ఓ విమానం పక్కనున్న చిన్న విమానాశ్రయంలో దిగాల్సి ఉంది. ఆ విమానాశ్రయానికి ఫోన్ కలపడానికి తంటాలు పడుతుంటే, రెండో తెరమీద రెండు విమానాలు ఒకదాని దారికి ఒకటి అడ్డంగా వచ్చేశాయి. పొరుగున జర్మనీ కేంద్రంలోవాళ్లు ప్రమాదాన్ని చూశారు. జ్యూరిక్‌కు చెబుదామంటే ఫోన్ కలవలేదు. చనిపోయిన 71 మందిలో ఎక్కువమంది పిల్లలు... సెలవులకు బయల్దేరిన రష్యా బడిపిల్లలు.

ఆలస్యంగా వచ్చిన ఒక్క విమానం! మామునూరు లాంటిచోట దీన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి. చిన్న విమానాశ్రయాల్లో టవర్ ఇరవైనాలుగ్గంటలూ ఉండదు. విమానాలొచ్చే కొన్ని గంటలే పనిచేస్తుంది. సాయంత్రం ఆఖరి విమానం ముసురుపట్టి రెండు గంటలు లేటయిందనుకోండి. పొద్దున్నుంచీ ఉన్నవాళ్లే ఇంకో రెండు గంటలు కూర్చోవాలి. పోనీ వేరేవాళ్లు వస్తారా అంటే, ఉండాలి కదా!

మన దేశంలో కంట్రోలర్ల పనిగంటలకు డీజీసీఏ హద్దులు పెట్టింది. అయినా 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక కంట్రోలర్ల కొరత గురించీ, అలసట గురించీ గట్టిగానే హెచ్చరించింది. కొత్త విమానాశ్రయాలు తెరుచుకుంటుంటే ఆ కొరత దానంతట అది తీరేది కాదు. భవనాన్ని కాంట్రాక్టరు ఏడాదిన్నరలో లేపగలడేమో... కంట్రోలర్‌ని అలా తయారుచేయడం కుదరదు.

మన పిల్లలకు వీలుందా?

ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివినవాళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెట్టే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయొచ్చు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ల వారికి సడలింపు ఉంటుంది. ఇంగ్లిష్ స్పష్టంగా మాట్లాడాలి, వైద్యపరీక్షలు నెగ్గాలి. జనగామలో, మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే ఎంపీసీ పిల్లల్లో ఎంతమందికి ఈ ఉద్యోగం సంగతి తెలుసు? బ్యాంకు, గ్రూప్స్ కోచింగులకు వెళ్లేవాళ్లలో కొందరైనా ఇటు చూడొచ్చు కదా అనిపిస్తుంది.

ఎంపికయ్యాక శిక్షణ ఉంటుంది. అది అయ్యాక కూడా ఒంటరిగా మైకు చేతికివ్వరు. పోస్టింగ్ వచ్చినచోట అనుభవం ఉన్నవాళ్ల పక్కన కొన్ని నెలలు కూర్చుని, పరీక్ష నెగ్గి, ‘రేటింగ్’ తెచ్చుకోవాలి. ఆ రేటింగ్ ఆ విమానాశ్రయానికే. శంషాబాద్‌లో పదేళ్లు చేసినవాళ్లయినా మామునూరుకు బదిలీ అయితే ఇక్కడి రన్‌వే, ఇక్కడి గాలి, ఇక్కడి దారులు మళ్లీ నేర్చుకోవాల్సిందే. టవర్‌కు సున్నాలు వేసేనాటికల్లా వాళ్లు ఇక్కడికి చేరి ఉండాలి. ఒకరు కాదు... లేచేవాళ్లూ, కూర్చునేవాళ్లూ, జ్వరమొస్తే బదులు వచ్చేవాళ్లూ.