గోడలోని నీరు ఎక్కడిది?

గోదావరి డెల్టాలో గోడకు చెమ్మ తగులుట క్రొత్త సంగతి కాదు. పూర్వపు మండువా లోగిళ్ళలోను, పెంకుటిండ్లలోను ఈ బాధ ఉండెడిది. అయితే ఆ గోడ ఒక్క ఇంటివారిది. దానిని బాగుచేసికొనుటయో, మానుటయో వారి ఇష్టము. ఇప్పుడు రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము, అమలాపురము మొదలగు పట్టణములలో నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు విస్తారముగా లేచినవి. అందు ఒకరి నేల మరియొకరికి కప్పు. ఒకరి స్నానాలగది గోడ మరియొకరి పడకగదికి గోడ. కావున ఒక యింటి మరమ్మతు రెండు మూడు ఇండ్ల వ్యవహారమగుచున్నది.

వానలు వెలిసిన తరువాత ఇట్టి భవనములలో మెట్లమీద తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. "మా గోడకు చెమ్మ పడితే ఫలానా రంగు వేయించాము. అంతటితో పోయింది. మీరూ అదే వేయించండి." పొరుగువారు ఆ సలహా పాటించి, వేలకొలది రూపాయలు ఖర్చుపెట్టుదురు. మరుసటి వానకాలమునకు ఆ రంగు బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడును. సలహా చెప్పినవారు అబద్ధమాడలేదు. రంగు నాసిరకముది కాదు. ఒక గోడలోనికి నీరు వచ్చిన దారి వేరు, రెండవ గోడలోనికి వచ్చిన దారి వేరు. రోగమెరుగక మందు వేసినచో ఫలితము ఇట్లే ఉండును. ఇరుగుపొరుగువారు ఒండొరులకు చెప్పుకొనవలసినది మందు పేరు కాదు, రోగ లక్షణము.

గోడలోనికి నీరు ముఖ్యముగా మూడు త్రోవల వచ్చును. నేలనుండి పైకి ఎగబ్రాకును; పైనుండి క్రిందికి దిగును; గాలినుండి వచ్చి గోడమీద వాలును.

మొదట నేలనుండి వచ్చు నీటిని చూతము. డెల్టా అంతయు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. 1847-1852 సంవత్సరముల మధ్య సర్ ఆర్థరు కాటను ఆధ్వర్యమున ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టబడిన తరువాత, కాలువల నీరు ఊరూర పారినది. ఆనకట్ట స్థానమున నేడు ఆయన పేరనే బ్యారేజి ఉన్నది. కాలువలు, వరిచేలు, చెరువులు ఉన్న ఈ సీమలో పెక్కు చోట్ల భూగర్భజలము నేలకు చాల దగ్గరగా ఉండును. ఆ తడినేలలో దిగిన ఇటుక గోడ, నూనెలో ముంచిన దీపపు వత్తివలె నీటిని పైకి పీల్చును. దీనికి కేశనాళికా చర్య అని పేరు.

సన్నని గాజుగొట్టమును నీటిలో నిలిపినచో, నీరు గొట్టములో కొంత ఎత్తు ఎక్కును. గొట్టపు వ్యాసార్ధము 1 మిల్లీమీటరైనచో ఎక్కు ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. వ్యాసార్ధము పదవ వంతైనచో ఎత్తు పదిరెట్లగును. అనగా 0.01 మిల్లీమీటరు వ్యాసార్ధము గల రంధ్రములో నీరు దాదాపు మీటరున్నర ఎక్కగలదు. ఇటుకలోను, గచ్చులోను ఇట్టి సన్నని రంధ్రములు అసంఖ్యాకములు. విద్యార్థులు ఒక ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో నానబెట్టి, మరల తూచి చూడవచ్చును. సాధారణపు మంచి ఇటుక తన బరువులో నూటికి 20 వంతులకు మించి నీరు పీల్చరాదని భారతీయ ప్రమాణము. మూడు కిలోల ఇటుకకు ఇది 600 గ్రాములు.

గోడలో నీరు ఎంతవరకు ఎక్కునో అంతవరకే నిలిచియుండదు. ఒకవంక ఎక్కుచు, ఒకవంక గోడ ముఖమునుండి ఆవిరియగుచుండును. ఈ రెండును సరితూగిన చోట చెమ్మ ఆగును. నీరు ఆవిరియైనను అందలి ఉప్పు ఆవిరి కాదు. అది గోడమీద తెల్లని చౌడుగా తేలును; లోపలనే స్ఫటికములుగా పెరిగి గిలాబాను పొడిపొడిగా రాల్చును. ఇట్టి గోడకు నీటిని చొరనీయని రంగు దట్టముగా పూసిన ఏమగును? ఆవిరి పోవు ద్వారము మూసికొనును. లోపలి నీరు రంగు అంచును దాటి ఇంకను పైకి ఎక్కును. పూర్వులు గోడలకు వాడిన గానుగసున్నపు గిలాబా ఆవిరిని బయటికి పోనిచ్చెడిది. నేలచెమ్మకు అసలైన మందు పునాదికిని గోడకును నడుమ నీరు ఎక్కనీయని పొర. కట్టునపుడే దీనిని వేయుట సులభము. తరువాత వేయవలసివచ్చినచో ఇంజనీరు సలహాతో చేయించవలెను. వాననీరు గోడ మొదట నిలువకుండ చుట్టును వాటము కల్పించుట మాత్రము అందరును చేసికొనదగిన పని.

రెండవది పైనుండి దిగు నీరు. డెల్టాలో సంవత్సరమునకు సుమారు ఒక మీటరు వాన కురియును. 100 చదరపు మీటర్ల డాబాపై ఒక మీటరు వాన యనగా లక్ష లీటర్లు. ఈ నీరంతయు తూములగుండ పోవలెను. డాబాకు తగిన వాటము లేకున్నను, తూములో ఆకులు అడ్డుపడినను నీరు నిలిచి బీటలు వెదకుకొనును. నీరు దిగిన చోటును, కప్పునుండి కారు చోటును ఒక్కటే కానక్కరలేదు. శ్లాబులో అది ఏ చువ్వ వెంటనో, ఏ గొట్టము వెంటనో కొన్ని అడుగులు ప్రక్కకు నడచి, పిదప కారవచ్చును. అందుచేత మరక కనబడిన చోటనే పైన పగులగొట్టుట తొందరపాటు.

డాబాను పరీక్షించుటకు తూములు మూసి, రెండున్నర సెంటీమీటర్ల లోతు నీరు ఒకటి రెండు రోజులు నిలుపుదురు. ప్రక్కనే వెడల్పైన పళ్ళెములో నీరుంచినచో ఎండకు ఎంత పోయినదో తెలియును. అంతకు మించి తగ్గినది ఇంకిన నీరు. అయితే ఇట్టి నీరు చదరపు మీటరుకు 25 కిలోల బరువు. 100 చదరపు మీటర్లకు రెండున్నర టన్నులు! కప్పు పెచ్చులూడి చువ్వలు కనబడుచున్నచో ఈ పరీక్ష చేయరాదు. ముందు ఇంజనీరును పిలువవలెను.

బరువును గూర్చి మరియొక మాట. పాత పలకలను తీయుటకు బద్ధకించి, వానిపైననే మరల సిమెంటు పరచి క్రొత్త పలకలు వేయుట వాడుకగా ఉన్నది. అయిదు సెంటీమీటర్ల మందపు సిమెంటు గచ్చు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగును. నివాస గదుల నేలను మనుష్యులు, సామానులు మోయుటకై లెక్కకట్టునది చదరపు మీటరుకు 200 కిలోలు మాత్రమే. అనగా ఒక్క పొరతో సగము బలము ఖర్చైనది. డాబాపై చెమ్మకు పొర మీద పొర వేయించుటయు ఇట్టిదే. పాతది తీసి క్రొత్తది వేయుట ఖర్చైనను క్షేమము.

పైనుండి దిగు నీటిలో వాన సంబంధము లేనిది స్నానాలగది నీరు. దీనికి చిన్న పరీక్షలు చాలును. రాత్రి కుళాయిలన్నియు కట్టి, పై తొట్టిలో నీటిమట్టమునకు గుర్తుపెట్టి, తెల్లవారి చూడవలెను. ఎవరును వాడకున్నను మట్టము తగ్గినచో తొట్టి అయినను, కుళాయి గొట్టములైనను కారుచున్నవి. మట్టము తగ్గక, పై అంతస్తువారు స్నానము చేసినప్పుడే మరక పెరిగినచో దోషము మురుగు గొట్టములోనో, నేల అతుకులలోనో ఉన్నది. తూములో రంగునీరు పోసి క్రింద ఆ రంగు కనబడునేమో చూచుట మరియొక ఉపాయము. ఈ పరీక్షలలో ఒక్కటియు క్రింది యింటివారు ఒంటరిగా చేయగలిగినది కాదు. పై యింటివారు కలిసిరావలెను.

మూడవది గాలినుండి వచ్చు నీరు. డెల్టా గాలిలో తేమ అధికము. 32 డిగ్రీల ఉష్ణములో సాపేక్ష ఆర్ద్రత నూటికి 70 వంతులున్నప్పుడు తుషార స్థానము సుమారు 26 డిగ్రీలు. అంతకంటె చల్లనైన దేనిమీదనైనను ఆ గాలిలోని తేమ నీరై వాలును. చల్లని నీరుపోసిన గ్లాసు వెలుపల చెమర్చునది ఇందుచేతనే. ఒక గదిలో శీతలయంత్రము రాత్రియంతయు నడచినచో, నడిమి గోడ చల్లబడి ప్రక్క గదిలో చెమర్చవచ్చును. అచ్చట నల్లని బూజు పట్టును. ఇట్టి చోట గోడ పగులగొట్టి గొట్టములు మార్చిన ప్రయోజనము లేదు. కిటికీ తెరచి గాలి ఆడనిచ్చుట, బీరువాను గోడకు కొంచెము ఎడముగా జరుపుట, గదిని అతిగా చల్లబరుపకుండుట చాలును.

ఈ నీరు గాలిదో, గోడలోనిదో తేల్చుటకు అడుగు చదరపు అల్యూమినియము రేకును గోడకు పరచి, అంచులన్నియు గట్టిగా అంటించి, రెండు రోజులుంచవలెను. గదివైపు ముఖము తడిసినచో నీరు గాలిది. గోడవైపు ముఖము తడిసినచో నీరు గోడలోనిది.

ఇక భవనమంతటిని ఒక్కటిగా చూచు ఉపాయము. ఒక కాగితముపై భవనమును నిలువుగా కోసినట్లు బొమ్మ గీచి, ప్రతి యింటివారును తమ యింటి మరకలను అందు గుర్తించవలెను. మరక ఏ నెలలో పెరిగినదో ప్రక్కన వ్రాయవలెను. క్రింది అంతస్తు గోడల మొదళ్ళలో మాత్రమే మరకలున్నచో నేలచెమ్మ. పై అంతస్తు కప్పుననే ఉన్నచో డాబా నీరు. అన్ని అంతస్తులలోను ఒకదానిక్రింద నొకటిగా ఒకేచోట ఉన్నచో నిలువు గొట్టము. తుఫాను గాలి కొట్టిన వైపు గోడలకే ఉన్నచో వెలుపలి గిలాబా బీటలు. ఒక్క యింటి మరక చెప్పలేని సంగతిని ఇరువది యిండ్ల మరకలు చెప్పును.

చెమ్మను ఇంత పట్టించుకొనుట గోడ అందము కొరకు మాత్రమే కాదు. శ్లాబులోను, దూలములలోను, స్తంభములలోను ఇనుప చువ్వలున్నవి. క్రొత్త కాంక్రీటు గాఢమైన క్షారగుణము కలది. ఆ క్షారము ఇనుమును తుప్పు పట్టనీయదు. కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చొచ్చి ఆ క్షారమును హరించును. ఉప్పులోని క్లోరైడు ఇంకను వేగముగా చెరుపు చేయును. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు చువ్వ వెంబడి చీలి, పెచ్చులై మనుష్యుల మీద పడును. అందుచేతనే ఇనుము వేసిన కాంక్రీటును కలుపు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదని ప్రమాణము. సముద్రమునకు దగ్గరి ఊళ్ళలో మరమ్మతులకు ఉప్పునీటి బోరును, సముద్రపు ఇసుకను వాడరాదు.

పాఠశాల ప్రయోగశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. గోడమీది తెల్లని పొడిని స్వేదనజలములో కరగించి వడకట్టి, కొద్ది సజల నత్రికామ్లము చేర్చి, సిల్వరు నైట్రేటు చుక్కలు వేయవలెను. పెరుగువంటి తెల్లని అవక్షేపము ఏర్పడినచో క్లోరైడు ఉన్నది. కుళాయి నీరు వాడరాదు. అందులోనే క్లోరైడు ఉండును. అప్పుడే రాలిన కాంక్రీటు పెచ్చును విరిచి ఫినాఫ్తలీను చల్లినచో, క్షారము మిగిలిన చోట గులాబిరంగు వచ్చును. క్షారము పోయిన చోట రంగు రాదు.

మరమ్మతుకు వేసవి అనుకూలము. రోహిణీకార్తె ఎండలలో గోడ ఎండును. మృగశిర ప్రవేశించి తొలకరి పడులోపల పని ముగియవలెను. నీటి దారి మూసి, గోడ పూర్తిగా ఎండిన తరువాతనే రంగు. గొట్టము కొరకు స్తంభమునుగాని, దూలమునుగాని చెక్కరాదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము పునాదులను, స్తంభములను, దూలములను, కప్పును ఉమ్మడి భాగములుగా ఎంచినది. తన గదిలో ఉన్నదైనను స్తంభము తనది మాత్రమే కాదు. దానిపై నాలుగు కుటుంబములు నిదురించుచున్నవి. రంగుడబ్బా కొనుటకు ముందు ఆ నాలుగు కుటుంబములవారును ఒక కాగితము చుట్టు కూర్చుండి తమ మరకలను గుర్తించుట, అన్నిటికంటె చౌకయైన మరమ్మతు.