కాయిల్ కావాలా? ముందు లెక్క, తర్వాతే తీగ!

మొజంజాహీ మార్కెట్ (హైదరాబాద్) : చిన్న రేడియోలు, సోలారు దీపాలు, చార్జర్లు సొంతంగా తయారు చేసుకునే సరదా గల యువకులకు, సైన్సు ప్రదర్శనలకు నమూనాలు కట్టే విద్యార్థులకు పల్లెల్లో సామాను దొరకడం కష్టం. రైల్లో నాంపల్లి దిగి, మొజంజాహీ మార్కెట్ దాటి, ట్రూప్ బజారుకో, కోఠీలోని గుజరాతీ గల్లీకో చేరుకుంటారు. రెసిస్టరు, కండెన్సరు విలువ చెబితే చేతిలో పెడతారు. చిక్కంతా కాయిల్‌తోనే. కొన్ని విలువల కాయిళ్లు తయారుగా దొరికినా, కావలసిన కొలత చాలాసార్లు దొరకదు. తీగ, కోరు కొని ఎవరికి వారే చుట్టుకోవాలి. లెక్క లేకుండా బయలుదేరితే రానుపోను చార్జీలు దండగే.

ఈ ప్రాంతానికి రేడియో కొత్త కాదు. ఏడవ నిజాం తన రెండవ కుమారుడి పేరిట మొజంజాహీ మార్కెట్ కట్టించిన 1935లోనే దక్కన్ రేడియో 200 వాట్ల శక్తితో ప్రసారాలు ప్రారంభించింది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. గడియారం గోపురంతో నిలిచిన ఆ రాతి మార్కెట్‌ను మరమ్మతుల అనంతరం 2020లో తిరిగి ప్రారంభించారు.

లెక్క ఇదీ

కాయిల్ బలాన్ని ఇండక్టెన్స్ అంటారు. దాని కొలమానం హెన్రీ. రేడియో కాయిళ్లకు అందులో పది లక్షల వంతైన మైక్రోహెన్రీ వాడతారు. గొట్టం మీద ఒకే వరుసలో చుట్టే కాయిల్‌కు సులభమైన లెక్క ఉంది. గొట్టం మధ్య నుంచి అంచుకు ఉన్న దూరాన్ని, అంటే వ్యాసార్ధాన్ని, సెంటీమీటర్లలో తీసుకుని దానితోనే గుణించాలి. చుట్ల సంఖ్యను కూడా దానితోనే గుణించాలి. ఈ రెండింటినీ గుణించి, మళ్లీ 0.394తో గుణించాలి. వచ్చినదాన్ని తొమ్మిది వ్యాసార్ధాలు, పది చుట్ట పొడవులు కలిపిన మొత్తంతో భాగిస్తే మైక్రోహెన్రీలు వస్తాయి.

ఉదాహరణకు 5 సెంటీమీటర్ల అడ్డుకొలత గల ప్లాస్టిక్ పైపు మీద 26 గేజి ఎనామిల్ రాగి తీగను 80 చుట్లు దగ్గర దగ్గరగా చుడితే పొడవు సుమారు 4 సెంటీమీటర్లు అవుతుంది. లెక్క ప్రకారం 252 మైక్రోహెన్రీలు. దీనికి 185 పికోఫారడ్ల కండెన్సరు జత చేస్తే, హైదరాబాద్ ఆకాశవాణి ‘ఎ’ కేంద్రం దశాబ్దాలపాటు వినిపించిన 738 కిలోహెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది.

లెక్క తప్పి 90 చుట్లు పడితే అదే కండెన్సరుతో 681 దగ్గరకు జారిపోతుంది. మీడియం వేవ్‌లో కేంద్రానికీ కేంద్రానికీ ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అంటే పది చుట్ల పొరపాటుకు ఆరు కేంద్రాల స్థానాలు దాటిపోయినట్టే! అందుకే పది చుట్లకోసారి కాగితం మీద గీత పెట్టుకోవడం మంచిది.

ఎంత తీగ కొనాలి?

దుకాణాల్లో ఈ తీగను తూకానికి అమ్ముతారు. పైన చెప్పిన 80 చుట్లకు పట్టేది సుమారు పన్నెండున్నర మీటర్లు. తూకం 20 గ్రాములు మించదు. తెగినా, చెడినా పనికొచ్చేలా 30 గ్రాములు తెచ్చుకుంటే సరి. రాగి తీగేనని అడిగి తీసుకోవాలి. అల్యూమినియం తీగకు మామూలు టంకం అంటదు.

కాలిన మోటారు తీగ వద్దు

బావి మోటారు కాలినప్పుడు వైండింగ్ షాపులో విప్పి పడేసిన తీగతో కాయిల్ చుట్టాలనుకునే వారు లేకపోలేదు. డబ్బు మిగిలినట్టు కనిపించినా పని చెడుతుంది. వేడికి ఎనామిల్ పూత మాడి పెచ్చులూడుతుంది. పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగిలితే అక్కడికక్కడే కరెంటు తిరుగుతూ శక్తిని తినేస్తుంది. మీటరు పెట్టి చూస్తే తీగ తెగలేదనే చూపిస్తుంది. లోపం ఎక్కడుందో తెలియక పిల్లలు వారాల తరబడి తల పట్టుకోవలసి వస్తుంది.

కొత్త తీగకైనా టంకం పెట్టేముందు రెండు కొసల మీదా పూతను ఉప్పుకాగితంతో గీకాలి. ఈ చిన్న పని మరచిపోవడం వల్లనే పలువురి రేడియోలు పలకవు. చుట్టడం అయ్యాక చుట్లు జారకుండా దారంతో కట్టాలి.

కోరు నిండితే?

సోలారు దీపాలు, చార్జర్ల కాయిళ్లకు నల్లని ఫెర్రైట్ కోరు వాడతారు. తక్కువ చుట్లతోనే ఎక్కువ ఇండక్టెన్స్ వస్తుంది. అయితే దానికీ ఒక హద్దుంది. చెరువు నిండాక ఎంత వాన పడినా నీరు అలుగు మీద పోవలసిందే గాని చెరువులో నిలవదు. అలాగే కరెంటు హద్దు మీరితే కోరు నిండిపోయి, కాయిల్ ఉన్నా లేనట్టే అవుతుంది. అప్పుడు కరెంటు ఒక్కసారిగా పెరిగి ట్రాన్సిస్టరు మాడిపోతుంది. రెండు కోరు ముక్కల నడుమ పలుచని కాగితం పెట్టి సందు ఉంచితే ఈ హద్దు పెరుగుతుంది. కాకపోతే ఇండక్టెన్స్ తగ్గుతుంది గనుక మరికొన్ని చుట్లు వేయాలి.

కొత్తగా చుట్టిన ఏ కాయిల్‌నైనా ముందుగా బ్యాటరీతోనే పరీక్షించాలి. ఇంట్లోని 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించడం ప్రాణాపాయం.

హైదరాబాద్ బయలుదేరే ముందు తీగ గేజి, గ్రాములు, కోరు కొలత ఒక చీటీ మీద రాసుకోవాలి. ఇందుకు కావలసిందల్లా గుణకారం, భాగహారం మాత్రమే. ఆ లెక్క సరిచూడటానికి ఊరి హైస్కూలులో సైన్సు మాస్టారు ఉండనే ఉన్నారు.