గుండెలో పుట్టిన పదం

పిల్లలు పాఠశాలలో నేర్చుకుని ఇంటికి తెచ్చే ఆంగ్ల పదాలలో 'కరేజ్' ఒకటి. దానికి ధైర్యమని అర్థం చెప్పి మనం ముందుకు సాగిపోతాం. అయితే ఆ పదం ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే, ధైర్యాన్ని గురించిన మన అవగాహన మరికొంత విశాలమవుతుంది.

లాటిన్ భాషలో 'కోర్' అంటే హృదయం. దాని నుండి ప్రాచీన ఫ్రెంచిలో 'కొరాజ్' ఏర్పడింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదాలు అనేకం ఆంగ్లంలో చేరాయి. ఈ పదం కూడా సుమారు 1300 నాటికి ఆ భాషలో స్థిరపడింది.

తొలి రోజులలో దీనికి వీరత్వం ఒక్కటే అర్థం కాదు. హృదయంలో మెదిలే కోరిక, ఉత్సాహం, కోపం, గర్వం, అన్నింటికీ ఇదే పదం వాడేవారు. 14వ శతాబ్ది ఆంగ్ల కవి చాసర్ తన 'కాంటర్‌బరీ కథల' ఆరంభంలో వసంతకాలపు పక్షుల హృదయాలను వర్ణిస్తూ ఈ పదాన్నే ప్రయోగించాడు. కాలక్రమేణా తక్కిన అర్థాలు రాలిపోయి, ఆపద ఎదురైనప్పుడు హృదయం చూపే నిబ్బరం మాత్రమే మిగిలింది.

ఈ భావన మనకు కొత్తది కాదు. తెలుగులో మనం 'గుండె దిటవు' అంటాం; భయపడితే 'గుండె జారిపోయింది' అంటాం. ఉర్దూలోని దిలేర్, దిలావర్ అనే మాటలలో ఉన్నది పార్సీ 'దిల్', అంటే హృదయమే. సలాహుద్దీన్ అయ్యూబీతో తలపడిన ఇంగ్లండు రాజు రిచర్డుకు 'సింహహృదయుడు' అన్న బిరుదు ఉండేది. ఇక అరబీ నుండి వచ్చిన 'హిమ్మత్' దృఢ సంకల్పాన్ని, సంస్కృతం నుండి వచ్చిన 'ధైర్యం' స్థిరత్వాన్ని తెలుపుతాయి. ఈ మాటలలో ఏ ఒక్కటీ కండబలాన్ని సూచించదు.

'కరేజ్' నుండి పుట్టిన మరి రెండు పదాలు మన ఇళ్లకు మరింత సన్నిహితమైనవి. 'ఎంకరేజ్' అంటే మూలార్థంలో ఎదుటివారిలో గుండెను నింపడం. 'డిస్కరేజ్' అంటే ఉన్న గుండెను తీసివేయడం. అనగా ధైర్యం ఒకరు మరొకరికి ఇవ్వగలిగినది, ఒకరి నుండి మరొకరు లాగివేయగలిగినది కూడా. తెలుగులో మనం 'ధైర్యం చెప్పడం' అంటున్నాం కదా! మాట ద్వారానే ధైర్యం చేరుతుందని మన భాష కూడా గుర్తించింది.

పరీక్ష తప్పిన కుమారుడు తలవంచుకుని గుమ్మంలో నిలబడినప్పుడు, నలుగురిలో మాట్లాడడానికి కుమార్తె జంకినప్పుడు మన నోట వెలువడే తొలి మాట ఏది? "నీ వల్ల ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్న ఎన్నో ఏళ్లు చెవిలో మారుమ్రోగుతుంది. "పద, మళ్లీ ప్రయత్నిద్దాం" అన్న మాట కూడా అంతే కాలం నిలుస్తుంది. చేతి నుండి జారి గాజుపాత్ర పగిలితే, దాచిపెట్టక తానే వచ్చి చెప్పిన పసివాడు ఎంతో ధైర్యం కూడగట్టుకున్నాడు. ఆ క్షణంలో మనం కేకలు వేస్తే, మరోసారి నిజం చెప్పడానికి వాడికి గుండె చాలదు.

తప్పును సరిదిద్దవద్దని కాదు. ముందు బిడ్డ చెప్పిన నిజాన్ని మెచ్చుకుని, పిమ్మట జాగ్రత్త నేర్పుదాం. పగిలిన పాత్రను బజారులో తిరిగి కొనుక్కోవచ్చు. బిడ్డ గుండెలోని ధైర్యాన్ని మాత్రం మన ఇంట్లోనే, మన మాటతోనే నింపాలి.