అనుమానము పెనుభూతము

ఒక వైద్యుడు రోగికి మందిచ్చి, "దీనిని పుచ్చుకొనునప్పుడు మాత్రము కోతిని తలచుకొనరాదు సుమా!" అని చెప్పి పంపెనట. ఆ రోగి అంతకుముందెన్నడును మందు వేళకు కోతిని తలచినవాడు కాడు. ఆనాటి నుండి గిన్నె చేతబట్టినంతనే కోతి ఎదుట నిలువసాగినది. తెలుగు ఇండ్లలో పెద్దలు నవ్వుచు చెప్పుకొను కథ ఇది. 1987లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డేనియల్ వెగ్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఇట్టిదే ప్రయోగముగా చేసి చూచిరి. తెల్లని ఎలుగుబంటిని తలపవలదని విద్యార్థులకు చెప్పి, ఆ తలపు వచ్చినప్పుడెల్ల గంట మ్రోగింపుమనిరి. గంట మ్రోగుచునే ఉండెను. పిమ్మట, ఇక ఎలుగుబంటిని తలచుకొనవచ్చునని అనుమతి యిచ్చినప్పుడు, ముందుగా దానిని అణచిపెట్ట యత్నించిన వారికే ఆ తలపు మరింత హెచ్చుగా వచ్చెను.

కోతి తలపైనను ఎలుగుబంటి తలపైనను నవ్వి ఊరకుండదగినవి. మనస్సును పట్టి విడువని తలపు తన స్వభావమును గూర్చినదే యైనచో నవ్వు రాదు.

ఇంటరు చదువుచున్న పదునేడేండ్ల కుర్రవానినొకనిని ఊహించుకొనవచ్చును. తరగతిలోని ఒక అమ్మాయి యనిన అతనికి లోలోపల ఇష్టము. ఒకనాటి సాయంకాలము కబడ్డీ ఆట ముగిసిన తరువాత స్నేహితుడు అతని భుజముపై చేయి వేసెను. ఎన్నడును లేనిది, ఆ క్షణమున ఒక ప్రశ్న మెరుపువలె తోచినది: "నాకు మగవారిపై ఆకర్షణ ఉన్నదేమో?" మరొకడైనచో ఆ తలపును అక్కడనే విడిచి ఇంటికి పోయెడివాడు. ఇతడు విడువలేకపోయెను. ఆ రాత్రి నిద్ర లేదు. మరునాడు స్నేహితుని ముఖము వంక చూచి, తన గుండె వేగముగా కొట్టుకొనుచున్నదా యని పరీక్షించుకొనెను. భయముతో చూచువాని గుండె కొట్టుకొనక మానునా? దానినే అతడు సాక్ష్యముగా గ్రహించెను.

అది మొదలు విచారణ ఆగలేదు. బల్ల మార్చెను. కబడ్డీ మానెను. సినిమా కథానాయకుని బొమ్మ కనబడిన ముఖము త్రిప్పుకొనును. త్రిప్పుకొన్నందులకు కారణమేమని మరల తన్ను తానే ప్రశ్నించుకొనును. అయిదవ తరగతినాటి స్నేహములను కూడ త్రవ్వి తీసి పరిశీలించును. అర్ధరాత్రి దాక ఫోనులో వ్యాసములు చదువును. ఒకనాడు తాళలేక, "అక్కా, నేను అందరిలాగే ఉన్నానా?" అని అడిగెను. "నీకేమయిందిరా, బాగానే ఉన్నావు" అన్నది అక్క. అరగంట సేపు ప్రాణము కుదుటపడినది. అంతలో, "అక్కకు అంతా చెప్పలేదు గదా" అను తలపు వచ్చి మొదటికే వచ్చినది. అర్ధవార్షిక పరీక్షలలో మార్కులు పడిపోయినవి. ఇట్టి కుర్రవాడు ఏ కళాశాలయందైనను ఉండవచ్చును, ఆడపిల్లయు కావచ్చును.

ఈ బాధకు వైద్యశాస్త్రమున పేరు కలదు. అది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తముగా ఓసీడీ. ఇందు రెండు భాగములున్నవి. మొదటిది పిలువకయే వచ్చి, పొమ్మన్నను పోక పీడించు ఆలోచన. రెండవది ఆ పీడను తగ్గించుకొనుటకై మరల మరల చేయు పని. కడిగిన చేతినే కడుగుట, తలుపు గడియను పదిమార్లు లాగి చూచుట లోకమునకు తెలిసినవే. ఇండ్లలో వీనిని చాదస్తమని తీసివేయుదురు. పై కుర్రవాని విషయమున ఈ రెండవ భాగము చాలవరకు మనస్సులోనే సాగుచున్నది. పరీక్షించుట, పోల్చుట, గతమును త్రవ్వుట, తప్పించుకొని తిరుగుట, ఒకరిని అడిగి ఊరట పొందుట, ఇవియే అతని చేతులు కడుగుట. పైకి కనబడవు గనుక ఇంటివారికి తెలియదు. ఇది వ్యాధి యని అతనికిని తోచదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి వైద్యులు దీనికి సందేహోన్మాదమను అర్థమిచ్చు పేరు పెట్టిరి. 1875లో లెగ్రాన్ దు సోల్ అను వైద్యుడు ఆ పేరుతోనే ఒక గ్రంథము వ్రాసెను. నేటి పేరుకంటె ఆనాటి పేరే వ్యాధి స్వరూపమును చక్కగా పట్టి యిచ్చుచున్నది. మసక చీకటిలో త్రాడును చూచి పామని భయపడినవాని దృష్టాంతము వేదాంతులు తరచుగా చెప్పుదురు. దీపము తెచ్చి చూచినంతనే పాము మాయమగును, భయమును పోవును. ఈ వ్యాధియందట్లు కాదు. రోగి దీపము తెచ్చును, త్రాడేయని చూచును, నాలుగడుగులు వేసి, "సరిగా చూచితినా?" అని మరల దీపమునకై పోవును. చూచినకొలది పాము పెరుగును. ఇన్నిమార్లు చూడవలసి వచ్చినదనగా ఏదో ఉండియే ఉండునని మనస్సు తర్కించును.

వింత తలపు వచ్చుటయే వ్యాధి కాదు. 1978లో స్టాన్లీ రాక్మన్, శ్రీలంకలో జన్మించిన పద్మాల్ డి సిల్వ అను శాస్త్రజ్ఞులు ఏ మానసిక వ్యాధియు లేని సామాన్యులను విచారించిరి. వారిలో ఇంచుమించు అయిదింట నాలుగు వంతుల మందికి అసహ్యమైనవో, భయంకరమైనవో, తమకు తగనివో అగు తలపులు అప్పుడప్పుడు వచ్చుచునే ఉన్నవని తేలినది. రోగులకు వచ్చు తలపులకును, వీరికి వచ్చు తలపులకును విషయమున పెద్ద భేదము లేదు. సామాన్యులు ఆ తలపునకు విలువ ఇయ్యక విడిచిపెట్టుదురు. రోగి దానికి అర్థము వెదకును. భేదమంతయు అక్కడనే కలదు.

ఓసీడీ అరుదైన వ్యాధి కాదు. నూటికి ఇద్దరు ముగ్గురికి జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఇది కలుగునని అంచనా. నాలుగవ వంతు మందికి 14 ఏండ్ల లోపే, అనగా బడి ఈడులోనే, మొదలగును. అమెరికాలో 409 మంది ఓసీడీ రోగుల వివరములను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనమున, నూటికి 8 మందిని ఆ సమయమున లైంగిక ధోరణిని గూర్చిన సందేహము పీడించుచుండెను. ఎప్పుడైనను పీడింపబడినవారిని కలిపినచో నూటికి 12 మంది వరకు ఉండిరి. ఎవరికి ఎవరిపై ఆకర్షణ కలుగుననునదే లైంగిక ధోరణి.

వైద్యము చేయవలసినవారే పొరబడుట మరింత విచారకరము. అమెరికాలో 360 మంది మనస్తత్వ నిపుణులకు కొన్ని ఊహాజనిత రోగుల కథలనిచ్చి, వ్యాధి యేదో చెప్పుమనిరి. ఆ ఫలితములు 2013లో వెలువడినవి. మాలిన్య భయము గల రోగి విషయమున నూటికి 16 మంది మాత్రమే తప్పిరి. లైంగిక ధోరణిని గూర్చి సందేహించు రోగి విషయమున తప్పినవారు నూటికి 77 మంది. సందేహము ఏ విషయమును గూర్చినదో దానినే చూచిరి. సందేహించు తీరును చూడలేదు.

ఇక్కడ ఉపాధ్యాయులును విద్యార్థులును స్పష్టముగా గ్రహింపవలసిన అంశమొకటి కలదు. స్వలింగ ఆకర్షణ వ్యాధి కాదు. అమెరికన్ మనోవైద్యుల సంఘము 1973లోనే దానిని వ్యాధుల పట్టికనుండి తొలగించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తొలగించినది. 2018 సెప్టెంబరు 6వ తేదీన భారత సుప్రీంకోర్టు, వయస్సు వచ్చినవారు పరస్పర సమ్మతితో సాగించు స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినది. కావున వ్యాధి ఉన్నది సందేహమునందు. సందేహింపబడిన విషయమునందు కాదు. స్వలింగ ఆకర్షణ గలవారికి కూడ ఇదే ఓసీడీ తలక్రిందులుగా వచ్చి, "నేను నిజముగా ఇట్టివాడనేనా?" అని పీడించుట కలదు.

ఈ సంగతి తెలియనిచో మంచి మనస్సుతో చెప్పిన మాటయు కీడే చేయును. "నీవు అటువంటివాడవు కావులే, భయపడకు" అని ఓదార్చుట రెండు విధముల దోషము. మొదటిది, అట్టి ఓదార్పు అరగంట దీపమై, మరల మరల అడుగు అలవాటును పెంచును. రెండవది, అటువంటివాడగుట భయపడవలసిన విషయమే యని ఆ మాట ఒప్పుకొన్నట్లగును. ఆ తరగతిలోనే నిజముగా స్వలింగ ఆకర్షణ గల విద్యార్థి యొకడు ఉండవచ్చును. ఆ మాట అతని చెవినిగూడ పడును. "తేడా" అని తోటివానిని ఎగతాళి చేయు నోళ్లు ఉన్న చోట ఇద్దరికిని రక్షణ లేదు.

మరి తన ధోరణిని నిజముగా తెలిసికొనుచున్న యువకునకును, ఈ రోగికిని భేదమెట్లు? మొదటివానికి సంఘ భయము ఉండవచ్చును గాని, ఆకర్షణ మాత్రము తనదిగా తోచును. అందు కొంత ఇష్టమును ఉండును. రోగికి ఇష్టముకంటె నిశ్చయము కావలెనను దాహమే ముఖ్యము. నూటికి నూరుపాళ్లు తెలిసిననే గాని ఊపిరాడదు. ఐనను ఈ వాక్యములనే మరియొక పరీక్షగా మార్చుకొని, "నేనే కోవకు చెందుదును?" అని రాత్రింబవళ్లు కొలుచుకొనుటయు ఆ వ్యాధి లక్షణమే. ఆ నిర్ణయము ఉపాధ్యాయుడు చేయదగినదియు కాదు. శిక్షణ పొందిన మనోవైద్యుడు చేయవలసినది.

చికిత్స కలదు. 1966లో విక్టర్ మేయర్ అను శాస్త్రజ్ఞుడు ఇద్దరు రోగుల చికిత్సను వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. వారిని భయము కలిగించు పరిస్థితియందు నిలిపి, అలవాటైన నిర్బంధ చర్యలను చేయకుండ ఆపుటయే ఆ పద్ధతి. దానినుండి పెరిగినదే నేడు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అను చికిత్స. పై కుర్రవాడు వైద్యుని సాయముతో క్రమక్రమముగా మరల స్నేహితుని ప్రక్కన కూర్చుండును. తలపు వచ్చును. గుండెను పరీక్షింపడు, గతమును త్రవ్వడు, అక్కను అడుగడు. "కావచ్చును, కాకపోవచ్చును" అని తలపును అట్లే ఉండనిచ్చి పాఠము వినును. భయము పెరుగును, కొంత సేపు నిలుచును, తనంతట తానే తగ్గును. కొందరికి మెదడులోని సెరటోనిన్‌పై పనిచేయు మందులు కూడ తోడ్పడును. ఈ చికిత్స ఎవరి ధోరణిని మార్చుటకు కాదు. ధోరణిని మార్చెదమను చికిత్సలు వృత్తి ధర్మమునకు విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చి చెప్పినది.

ఉపాధ్యాయుడు రోగమునకు పేరు పెట్టనక్కరలేదు. చురుకైన పిల్లవాడు హఠాత్తుగా బల్ల మార్చినను, ఆటలు మానినను, ఒకే ప్రశ్నను రూపములు మార్చి పదేపదే అడుగుచున్నను గమనించిన చాలును. ఒంటరిగా పిలిచి, చెప్పినది ఓర్పుతో వినవలెను. విన్నదానిని ఉపాధ్యాయుల గదిలో చర్చకు పెట్టరాదు. "ఇట్టి తలపులు అందరికిని వచ్చును, ఇవి మరీ బాధించినప్పుడు సాయము చేయు వైద్యులున్నారు" అని ఒక్కమారు చెప్పి, దారి చూపవలెను. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో ఓసీడీకి ప్రత్యేక వైద్య విభాగము కలదు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి ఉచితముగా మాట్లాడవచ్చును. పిల్లవాని మాటలలో బ్రతుకుపై విరక్తి కనబడినచో మరునాటి వరకు ఆగరాదు.

మొదటి కథలోని రోగి కోతి పోయిన తరువాతనే మందు త్రాగవలెనని కూర్చుండినచో, అది ఎన్నటికిని పోదు. మందును గిన్నెలోనే ఉండిపోవును. కోతి ఎదుట కూర్చుండి యుండగనే గిన్నె ఎత్తి త్రాగవచ్చును. మందు పనిచేయుటకు కోతి అడ్డము కాదు.