పెంటయ్య అను పేరులోని ప్రేమ

వెల్గటూరు ప్రాంతమున పాత తరము వారి పేర్లు వినినచో, చుట్టుపట్ల దేవుళ్లందరును వరుసగా పలుకుదురు. ధర్మపురి నరసింహస్వామి పేరిట నర్సయ్యలు, వేములవాడ రాజేశ్వరుని పేరిట రాజయ్యలు, కొండగట్టు ఆంజనేయుని పేరిట అంజయ్యలు కలరు. వీరి నడుమ అక్కడక్కడ ఒక పెంటయ్య, ఒక పెంటమ్మ వినవత్తురు. ఆ పేరిట గుడి లేదు. పెరటి పెంటకుప్ప ఉన్నది. మనుమనికి తాత పేరు పెట్టు ఆచారము గల ఇండ్లలో ఇది నేడు చిక్కు ప్రశ్నయైనది. పెట్టినచో బడిలో తోడి పిల్లలు నవ్వుదురు. పెట్టకున్నచో బాపమ్మ మనసు నొచ్చుకొనును. ఈ చిక్కు విడవలెనన్న ముందుగా ఆ పేరు ఎట్లు పుట్టినదో తెలిసికొనవలెను.

ఒక తల్లికి వరుసగా బిడ్డలు పుట్టి పోవుచుండగా, తరువాత పుట్టిన పసికందును పెంటకుప్పపై ఒక క్షణముంచి, ఎవరో పారవేసిన బిడ్డను తెచ్చుకొన్నట్లు తిరిగి ఎత్తుకొనుట మన పల్లెలలో ఉండిన ఆచారము. ఇంత నీచమైన పేరు గల బిడ్డపై మృత్యువునకు ఆశ పుట్టదనియు, చెడు కన్ను పడదనియు నమ్మిక. అనగా ఆ పేరు బిడ్డను తక్కువ చేయుటకు పెట్టినది కాదు, దాచుకొనుటకు పెట్టినది. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 146 మంది ఏడాది నిండకమునుపే కన్ను మూయుచుండిరి. 2020 నాటికి ఈ సంఖ్య 28కి తగ్గినది. టీకాలును, ఆసుపత్రి కాన్పులును, మంచి నీరును వచ్చిన కొలది మృత్యువును మోసగింపవలసిన అక్కరయు తగ్గినది, పెంటయ్యలును తగ్గిరి.

ఈ కోవకు చెందిన పేర్లు మరికొన్ని కలవు. ఎంగిలి విస్తరిపై బిడ్డను దొర్లించి పుల్లయ్య యనిరి. ఇంటింట బిచ్చమెత్తి తెచ్చిన వస్తువులతో మ్రొక్కు తీర్చి బిచ్చయ్య యనిరి. అదియే భిక్షపతి యైనప్పుడు శివుని పేరుగ వినిపించును. ఉత్తర కోస్తాలో బిడ్డను చేటెడు తవుటికి అమ్మి కొన్నట్లు నటించి తవిటయ్య యనిరి. అరవ దేశపు కుప్పుస్వామి కూడ చెత్తకుప్పకు బంధువే. చీనాలో సైతము, కుక్క తినక విడిచినది అను అర్థమిచ్చు ముద్దుపేర్లు పల్లెలలో వాడుకలో ఉండినవి. తల్లి భయమునకు భాషాభేదము లేదు.

ఇట్టి పేర్లు పెట్టుకొన్నవారు పేరు తెచ్చుకొనక పోలేదు. 1934లో 'లవకుశ' చిత్రమును తీసిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. బాల్ బ్యాడ్మింటన్ ఆటలో 1970లో అర్జున పురస్కారమందిన ఓరుగల్లు నివాసి పిచ్చయ్య. సంస్కృత పండితులలో మహామహోపాధ్యాయ బిరుదాంకితులు మద్రాసు కుప్పుస్వామి శాస్త్రిగారు. వారి పని పెద్దదైనందున పేరును చూచి నవ్వినవారు లేరు.

అయితే ఈ కథకు రెండవ ముఖము కూడ కలదు. నీచార్థమిచ్చు పేర్లన్నియు ప్రేమతో పెట్టినవి కావు. మనుస్మృతి రెండవ అధ్యాయము నాలుగు వర్ణముల వారికి నాలుగు తీరుల పేర్లు విధించుచు, శూద్రుని పేరు జుగుప్స గొల్పునదిగ ఉండవలెనని చెప్పినది. తల్లి రక్షగా కట్టిన పేరును దొర కచ్చడములో 'పెంటిగా' అని పిలిచినప్పుడు అది రక్ష కాదు, అవమానము. పేరును మార్చుకొనుట ఇట్టివారికి వేడుక కాదు, గౌరవ సమస్య. హైదరాబాదు రాజ్యమున దళితోద్యమమునకు ఆద్యుడైన భాగ్యరెడ్డి వర్మ పుట్టినప్పటి పేరు మాదరి భాగయ్య. ఆయన తన జనులను కూడ పాత నిందాశబ్దములతో గాక 'ఆదిహిందువులు' అని పిలువవలెనని పోరాడెను; 1931 జనాభా లెక్కలలో నిజాము రాజ్యము ఆ పేరును అంగీకరించినది.

ఇక మాట సంగతి చూతము. పేరు ఉన్నచోటనే ఉండును; మాట మాత్రము దాని క్రింద కదలిపోవుచుండును. సేద్యగానికి పెంట యనగా ఎరువు. వేసవిలో బండ్లతో పొలమునకు తోలుకొను సిరి. నల్లమలలో చెంచులు తమ గూడెమునే పెంట యందురు. బడి పిల్లలకు పెంట యనగా మలినము. పట్నపు యువకుల వాడుకలో 'పెంట చేసినాడు' అన్నచో పని చెడగొట్టినాడని యర్థము. అదే ధ్వనికి గ్రీకు భాషలో అయిదు అని యర్థము. పిచ్చయ్య పేరును కొందరు భిక్షార్థమునకు చేర్చి చెప్పుదురు. నేటి చెవికి అది వెఱ్ఱితనముగ వినబడుచున్నది. కావున ఏ పేరును శాశ్వతముగ మంచిదని గాని, శాశ్వతముగ చెడ్డదని గాని తీర్పు చెప్పుట తగదు.

కాలముతో పాటు ఊరు మారినను పేరు మారును. వెల్గటూరునకు సమీపమున గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో దొరకిన నాణెములపై శాతవాహన రాజు పేరు 'చిముక' అని ఉన్నది. ఆయనయే పురాణ ప్రతులలో శిశుకుడు, సింధుకుడు, శిప్రకుడు అయినాడు. రాజుకే తప్పని మార్పు మన బిడ్డలకు తప్పునా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి దుబాయికి, భివండికి బ్రతుకు తెరువునకు పోయినవారు ఇది ఎరుగుదురు. మన ఇంట ముద్దుగ 'నాని' యని పిలిచిన కుఱ్ఱవాడు హిందీ వారి నడుమ అమ్మమ్మ యగును. ఫణి యను సర్పనామము ఆంగ్లేయుల చెవికి హాస్యమను అర్థమునిచ్చు మాటగా వినబడును.

కొత్త పేర్ల మోజులోను ఈ ప్రమాదము కలదు. ధ్వని ఇంపుగ ఉన్నదని పెట్టు సంస్కృత పదములకు అర్థము చూడక పోవుట పరిపాటి యైనది. తృష్ణ యనగా దప్పిక, పేరాస. అనామిక యనగా పేరు లేనిది. వేదన యనగా బాధ. అది ధాతువున వేదమునకు చుట్టమే యైనను, అర్థము వేరు. కావున తొట్టెల నాటికి ముందే కొన్ని పరీక్షలు చేసికొనుట మేలు. పేరును వాకిట నిలిచి బిగ్గరగ పిలిచి చూడుడు. సగము చేసి, తుదకు 'గాడు' చేర్చి చూడుడు. తోడి పిల్లలు చేయు మొదటి పని అదియే. ఇంటిపేరుతో కలిపి చదువుడు. ఆంగ్లాక్షరములలో వ్రాసి, తెలుగు రానివారిచే చదివింపుడు. నిఘంటువు తీయుడు. ఇంటి ముసలమ్మను, ఇరుగుపొరుగు బడిపిల్లవానిని కూడ అడుగుడు. వాడుకలోని వెక్కిరింతలు నిఘంటువు కంటె వానికే బాగుగ తెలియును.

తొందర పడవలసిన పనియు లేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ననుసరించి జననమును 21 దినములలో తెలుపవలెను గాని, పేరు లేకయే నమోదు చేయించవచ్చును. పేరును 12 నెలలలోపల రుసుము లేకుండ, ఆపైన 15 ఏండ్ల వరకు ఆలస్యపు రుసుముతో చేర్పింపవచ్చును. ఒకసారి చేరిన పేరును మార్చుట మాత్రము ప్రయాస. ప్రమాణపత్రము, పత్రికా ప్రకటన, రాజపత్రము అను మెట్లు ఎక్కవలెను. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి ప్రవేశము మొదలు ఓటరు జాబితా వరకు జనన ధ్రువపత్రమే ఆధారము. డెన్మార్కులో ప్రభుత్వము ఆమోదించిన పేర్ల జాబితా కలదు. ఐస్లాండులో 1991 నుండి పేర్లను పరిశీలించు సంఘమే కలదు. మన దేశమున అట్టి సంఘము లేదు. భారమంతయు తలిదండ్రులదే.

మరి తాత పేరు పెంటయ్య యైన ఇంట ఏమి చేయవలెను? తాత పేరును నిలుపుట యనగా ఆ అక్షరములనే నిలుపుట కాదు. ఆ పేరు పెట్టిన తల్లి కోరినది బిడ్డ బ్రతుకవలెనని. ఆ కోరిక తీరినందుననే నేడు మనుమడు పుట్టినాడు. చిరంజీవి, ఆయుష్మంతుడు అను పేర్లలోనున్నదియు ఆ కోరికయే. నలుగురిలో మనుమనికి తల వంచని పేరు పెట్టి, తాతకు ఆ పేరెందుకు వచ్చినదో వానికి ఊహ తెలిసిన నాడే చెప్పుట ఒక దారి. ఆ కథ తెలిసిన పిల్లవాడు తాతను పెంటయ్య యని ఎవరైన నవ్వినప్పుడు సిగ్గుపడడు. "మా తాతకు ముందు పుట్టినోళ్లు బతకలే, మా తాత బతకాలని పెట్టిన పేరది" అని తానే బదులు చెప్పగలడు.