దూరవైద్యంలో స్పర్శ ఎవరిది?

చరకసంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయానికి ఖుడ్డాకచతుష్పాదమని పేరు. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి అనే నాలుగు పాదాల మీద చికిత్స నిలుస్తుందని ఆచార్యుల ఉపదేశం. ఉపస్థాత అంటే దగ్గరుండి పరిచర్య చేసే వ్యక్తి. నేటి వాడుకలో నర్సు. చదువుకునే రోజులలో పరిచారకుని వైద్యుని సరసన నిలపడం నాకు వింతగా తోచేది. డెబ్బై దాటిన తర్వాత, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న చికిత్సాలయంలో దాని అర్థం బోధపడింది.

మా గృహిణికి రక్తపోటు, మోకాళ్లు సహకరించవు. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్బీనగర్‌కు నడుమ ఉన్నవి రెండే మెట్రో స్టేషన్లు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. అయినా ఆమెకు అది కాశీయాత్రే. అందుచేత ఎల్బీనగర్ వైపు ఉండే హృద్రోగ నిపుణునితో ఇంటి నుండే వీడియో ఫోనులో మాట్లాడించాను. ఆయన శ్రద్ధగానే విని ఒక మాత్ర వ్రాశారు. ఇక్కడి డాక్టరుగారు మునుపు వ్రాసిన మాత్ర కూడా కొనసాగింది. రెండింటి పేర్లు వేరు గదా అనుకున్నాము. కొన్నాళ్లకు ఆమె పాదాలు వాచాయి. వయసు వల్ల అనుకొని ఊరుకున్నాము. మళ్లీ నిపుణునితో మాట్లాడినప్పుడు తెరమీద కనిపించింది ముఖమే; పాదాల సంగతి మేమూ చెప్పలేదు.

రక్తపోటు చూపించుకోవడానికి చికిత్సాలయానికి వెళ్లినప్పుడు, చెప్పులు బిగుసుకుపోయి ఉండడం నర్సమ్మ గమనించింది. చీలమండ పైన బొటనవ్రేలితో నొక్కి చూసింది. గుంట పడింది, వెంటనే పూడలేదు. "పంతులుగారూ, అమ్మగారు వేసుకునే మందులన్నీ, అయిపోయిన అట్టలతో సహా, సంచిలో వేసి తెండి" అన్నది. తెచ్చి చూపితే రెండు మాత్రలలోనూ ఆమ్లోడిపిన్ అనే ఒకే మందు ఉన్నది: ఒకదానిలో ఒంటరిగా, మరొకదానిలో టెల్మిసార్టాన్‌తో కలిసి. ఆ మందు మోతాదు పెరిగితే పాదాలు వాయవచ్చునట. నర్సమ్మ డాక్టరుగారికి చెప్పింది, ఆయన నిపుణునికి ఫోను చేశారు, ఇద్దరూ కలిసి ఒక మాత్ర మాన్పించారు. వాపు తీసింది. అంతవరకు ఆ ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోనే లేదు. ఒకరి చీటీ మరొకరికి చూపవలసింది నేనే. నాకు ఆ ఆలోచన రాలేదు.

నాలుక తప్ప తక్కిన ఇంద్రియాలన్నింటితోనూ వైద్యుడు రోగిని పరీక్షించాలని చరకసంహిత విమానస్థానం చెబుతుంది. తెర దాటి వెళ్లేవి చూపు, వినికిడి మాత్రమే. స్పర్శ రోగి దగ్గరే నిలిచిపోతుంది, గంధమూ అంతే. కనుక దూరాన ఉన్న వైద్యునికి నర్సు మాటే ఆప్తవాక్యం. అడిగినదానికి బదులు చెబితే చాలదు. ఆయన అడగనిది కూడా ఆమె చెప్పాలి, ఆయన వినాలి. ఈ రెండవది కొందరు పెద్ద డాక్టర్లకు ఇంకా అలవడలేదని నా అనుభవం.

మన తెలుగుదేశంలో ఈ పద్ధతి కొత్తది కాదు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ దూరవైద్య కేంద్రం నెలకొల్పింది. ఆ పల్లెలో నిపుణులు లేక అది అవసరమైంది. ఇక్కడ నిపుణులు ఉండీ, మోకాళ్ల వల్ల, ట్రాఫిక్ వల్ల అవసరమైంది. 2020 మార్చి 25న కేంద్రం వెలువరించిన దూరవైద్య మార్గదర్శకాల ప్రకారం, తెరమీది పరీక్ష చాలునో, రోగి స్వయంగా రావలెనో నిర్ణయించవలసినది వైద్యుడే. ప్రభుత్వపు ఈ-సంజీవని సేవలో రెండు మార్గాలున్నాయి. ఒకదానిలో రోగి ఆరోగ్యకేంద్రంలో కూర్చుంటే అక్కడి సిబ్బంది నిపుణునితో మాట్లాడతారు. ఒకే మాట అందరూ ఒకేసారి వింటారు. రెండవదానిలో రోగి ఇంటి నుండే మాట్లాడతాడు. అక్కడ ఉపస్థాత పీట ఖాళీ. మేము ప్రైవేటు వైద్యునితో చేసినది ఈ రెండవ తరహాయే.

సంజీవని అనే పేరు పెట్టినవారికి యుద్ధకాండ గుర్తున్నదో లేదో! సుషేణుడు గుర్తులు చెప్పి పంపినా హనుమంతుడు ఓషధిని పోల్చుకోలేకపోయాడు. ఊహించి ఏదో ఒక ఆకు కోసుకుని రాలేదు. శిఖరాన్నే తెచ్చి వైద్యుని ముందు పెట్టాడు. మందుల సంచి మొత్తం తెమ్మన్న నర్సమ్మ చేసినదీ అదే.

ఈ నెల నిపుణునితో మాట్లాడవలసి వచ్చినప్పుడు చికిత్సాలయానికే వెళ్లి, ఆమె పక్కన కూర్చుని మాట్లాడాము. ఆయన మమ్మల్ని పలకరించి, వెంటనే ఆమెను అడిగారు: "సిస్టర్, పాదాలు నొక్కి చూశారా?"